పిల్లవాడు అడగని ప్రశ్న

పాకిస్తాన్‌తో యుద్ధం వస్తుందేమోనన్న రోజుల్లో, 2025 మే 7న హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. అది జరిగిన రెండు రోజులకి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర సోషల్ పాఠాలు విన్న పిల్లే. ఇప్పుడు తనకి తొమ్మిదేళ్ల కొడుకు. వేసవి సెలవులు కదా, పిల్లలంతా అపార్ట్‌మెంట్ సెల్లార్లో క్రికెట్ ఆడుకుంటున్నారు. టీములు వేసుకునేటప్పుడు వీడు, ఒకటో తరగతి నుంచీ తనతో కలిసి తిరిగే స్నేహితుణ్ని చూసి, "నువ్వు అటెళ్లు, వాళ్లు మీవాళ్లేగా" అన్నాడట. అటు అంటే పాకిస్తాన్ టీము. ఆ పిల్లవాడు ఏమీ అనలేదు. బ్యాట్ తనది. తీసుకుని పైకి వెళ్లిపోయాడు.

"మా ఇంట్లో అలాంటి మాట ఎవరం అనం మాస్టారూ. వీడికి ఎవరు నేర్పారో" అని కళ్లు తుడుచుకుంది.

ఆ భయం మనలో చాలామందికి తెలిసిందే. మన చేతుల్లో పెరుగుతున్న బిడ్డ మనసులోకి మనకి తెలియకుండా ఎవరో వచ్చి కూర్చున్నారన్న భయం. ఆమెకి నేను వెంటనే ఏ సలహా చెప్పలేదు. బీరువాలోంచి ఒక పాత బొమ్మ తీసి చూపించాను. పదో తరగతిలో ప్రపంచ యుద్ధాల పాఠం వచ్చినప్పుడల్లా ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేతుల్లో తిరిగిన బొమ్మ అది. అంచులు నలిగిపోయాయి.

1915లో బ్రిటన్‌లో అచ్చయిన పోస్టరది. గీసినాయన పేరు సావిల్ లమ్లీ. ఒక తండ్రి మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్లో కూతురు, ఆ పిల్ల ముందు తెరిచిన పుస్తకం, పేజీ మీద చిన్న వేలు. నేల మీద కొడుకు బొమ్మ సైనికుల్ని వరసగా నిలబెట్టి ఆడుకుంటున్నాడు. యుద్ధం ఎప్పుడో ముగిసిపోయింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది. అప్పుడు కూతురు తండ్రిని అడుగుతోంది, ఆ మహాయుద్ధంలో నువ్వేం చేశావని. 'నువ్వు' అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. తండ్రి కూతురి మొహంలోకి చూడలేక బొమ్మలోంచి బయటికి, మనవైపు చూస్తుంటాడు.

అప్పటికింకా బ్రిటన్‌లో అందరూ సైన్యంలో చేరి తీరాలన్న చట్టం లేదు. అది 1916లో వచ్చింది. అంతదాకా మనుషులు తమంతట తాము చేరాలి, అందుకే గోడల నిండా బొమ్మలు. ఆ తండ్రి పోస్టరుకి ముందు ఏడాది, 1914 సెప్టెంబరులో, ఆల్ఫ్రెడ్ లీట్ అనే చిత్రకారుడు ఒక పత్రిక ముఖచిత్రంగా యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్‌ని గీశాడు. గుబురు మీసాలు, సూటిగా చూసే కళ్లు, మన గుండెలవైపు చాచిన వేలు. దాన్ని పోలిన అంకుల్ శామ్ బొమ్మ అమెరికాలో 1917, 18 సంవత్సరాల్లో నలభై లక్షల ప్రతులకు పైగా అచ్చయింది. గదిలో ఏ మూల నిలబడి చూసినా ఆ వేలు మనవైపే ఉంటుంది. పెద్దవాళ్లం మనం ఇది బొమ్మ అని పక్కకి జరగగలం. చిన్నపిల్లలు జరగలేరు. అమ్మా నాన్నా గట్టిగా మాట్లాడుకుంటే అది తనవల్లేనేమో అనుకునే వయసు అది. ఎవరో వేలు చూపిస్తే, అది తననే అనుకుంటారు.

ఆ తండ్రి పోస్టరు ఎలా పుట్టిందో ఆ తల్లికి చెప్పాను. ఆర్థర్ గన్ అనే ముద్రాపకుడు ఒక రాత్రి దిగులుగా ఇంటికి వచ్చాడు. యుద్ధంలో చేరాలా వద్దా అని భార్యతో మాట్లాడుతూ, కొడుకు పడుకున్న గదిలోకి వెళ్లాడు. రేపు వీడు పెద్దవాడై నన్ను ఇలా అడిగితే ఏం చెప్పను అన్నాడట. అన్న మరుక్షణం, ఇది పోస్టరుకి బాగుంటుందే అని తట్టింది. ఆ తర్వాత తనూ వాలంటీర్ల దళంలో చేరాడు. పెద్దయ్యాక ఆ కొడుకే చెప్పిన సంగతి ఇది.

అందులో నేనెప్పుడూ మర్చిపోలేనిది ఒకటుంది. ఆ పిల్లవాడు ఆ ప్రశ్న అడగలేదు. వాడు నిద్రపోతున్నాడు. తండ్రి తన లోపలి బెంగని బిడ్డ నోట్లో పెట్టాడు. ఆయన మంచి తండ్రే, బిడ్డంటే ప్రాణమే. ఆ ప్రేమ లేకపోతే ఆ ఆలోచనే రాదు. కానీ బిడ్డకి ఆ రాత్రి ఏ ప్రశ్న ఉందో ఎవరికీ తెలియదు.

మన ఫోన్లకి వచ్చేవి కూడా ఇవే బొమ్మలు. నిజమైన భారతీయుడివైతే షేర్ చెయ్యి, చూసి కూడా ఊరుకుంటే నీకు రోషం లేనట్టే. ఇలాంటివి మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఎన్నిసార్లు చూశాం! నువ్వేం చేశావు అన్న ఆ పాత ప్రశ్నే ఇది. పెద్దవాళ్లం దాన్ని ముందుకి తోసేసి, పనిలో పడిపోతాం. ఒక నొక్కుతో మన బాధ్యత తీరినట్టుంటుంది. అదే తొమ్మిదేళ్లవాడు చూశాడనుకోండి. వాడు సరిహద్దుకి వెళ్లలేడు, ఓటు వెయ్యలేడు, ఫోను కూడా వాడిది కాదు. 'నువ్వేం చేశావు' అని అంత గట్టిగా అడుగుతుంటే ఏదో ఒకటి చెయ్యాలి కదా. వాడి చేతిలో ఉన్నది సెల్లార్లో టీములు వెయ్యడం ఒక్కటే. అదే చేశాడు.

ఇలా చెబుతుంటే ఆ తల్లి మొహం కొంచెం తేటపడింది. వాడు చెడిపోలేదు. ధైర్యంగా ఉండమని లోకం చెప్పిన పని, తనకి తెలిసిన పద్ధతిలో చేశాడు. మన పిల్లల నోట్లోంచి ద్వేషం మాట వినిపించినప్పుడు మనం ముందు గుర్తుంచుకోవలసింది ఇదే. చాలాసార్లు దాని కింద భయమో, మనవాళ్లలో ఒకడిగా ఉండాలన్న ఆశో ఉంటుంది. చెంప మీద కొడితే మాట ఆగుతుంది, భయం మాత్రం లోపలికి పోతుంది.

అయితే దాంతోపాటు కష్టమైన మాట కూడా ఒకటి చెప్పక తప్పలేదు. "మీ ఇంట్లో సాయంత్రం టీవీలో ఏం నడుస్తుందమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. భర్త ఆఫీసు నుంచి రాగానే వార్తలు పెడతాడట. ఎర్ర అక్షరాలు, వెనక సైరన్ మోత, నలుగురు ఒకేసారి అరవడం. అతనూ ఊరుకోడు, సోఫా అంచు మీదికి జరిగి కూర్చుని, 'ఒక్కణ్ని కూడా వదలకూడదు' అంటాడు. "ఆయన అలా అంటున్నప్పుడు వీడు పక్కనే అన్నం తింటున్నాడు మాస్టారూ" అంది.

ఆ తండ్రిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పహల్గాములో ఉగ్రవాదుల దాడిలో చనిపోయినవాళ్ల ఫొటోలు చూసినప్పుడు నాకూ కడుపు మండింది. కోపం రావడం మనిషి లక్షణం. కాకపోతే అతను అన్న 'ఒక్కణ్ని' ఎవరో పెద్దవాళ్లకి తెలుసు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటున్న పిల్లవాడికి తెలియదు. వాడు తనకి తెలిసినవాళ్లలో వెతుక్కుంటాడు.

యుద్ధకాలపు బొమ్మలు కూడా ఎక్కువగా ఇదే దారిలో నడిచాయి. 1917లో అమెరికాలో హెచ్. ఆర్. హాప్స్ గీసిన పోస్టరులో జర్మన్ శత్రువు నెత్తిన టోపీ పెట్టుకున్న గొరిల్లా. ఒక చేతిలో దుడ్డుకర్ర, ఇంకో చేతిలో ఎత్తుకొస్తున్న స్త్రీ. పిల్లలకి ఈ బొమ్మ చాలా త్వరగా అర్థమవుతుంది. అమ్మని ఎత్తుకుపోయే రాక్షసుడు, కాపాడే వీరుడు. మనమూ అన్నం తినిపిస్తూ ఆ కథే చెబుతాం, తప్పులేదు. కాకపోతే మన కథలో లంకలో విభీషణుడు ఉన్నాడు, మండోదరి ఉంది, సీతమ్మకి ధైర్యం చెప్పిన త్రిజట ఉంది. పోస్టరులో వాళ్లకి చోటుండదు. రామాయణం చెప్పేటప్పుడు ఆ ముగ్గుర్నీ తొందరలో దాటెయ్యకండి. ఇంత మంచి మందు మన వంటింట్లోనే ఉండగా ఎక్కడో వెతకనక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మన తెలుగు తల్లిదండ్రుల ఇళ్లలో డాక్టర్ స్యూస్ పుస్తకాలు ఒక వరుస తప్పకుండా ఉంటాయి. ఆయన అసలు పేరు థియొడార్ గైసెల్. రెండో యుద్ధకాలంలో ఒక పత్రికకి కార్టూన్లు గీసేవాడు. 1942 ఫిబ్రవరి 13న వచ్చిన కార్టూన్‌లో అమెరికా పడమటి తీరంలో ఉండే జపాను సంతతి జనం అంతులేని వరుసలో నవ్వుతూ నడుస్తూ, ఒక్కొక్కరూ ఒక పేలుడు పదార్థం పొట్లం అందుకుంటున్నారు. ఆ వరుసలో దుకాణదారు, పొరుగింటాయన, బడిపిల్లల తల్లిదండ్రులు అందరూ ఉన్నట్టే. ఆరు రోజుల తర్వాత అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని ఫలితంగా దాదాపు 1,20,000 మందిని ఇళ్లలోంచి లేపి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండు వంతులమంది అమెరికాలోనే పుట్టిన ఆ దేశ పౌరులు. చిన్నపిల్లలున్నారు. ఆ ఉత్తర్వు ఆ కార్టూన్ వల్ల వచ్చిందని నేను అనను. గాలి అలా ఉంది, ఆయన ఆ గాలిలోనే ఊపిరి పీల్చాడు. పిల్లల్ని అంతగా ప్రేమించిన మనిషి చేతినుంచే ఆ బొమ్మ వచ్చింది. 1953లో ఆయన జపాను వెళ్లాడు, బడిపిల్లల్ని కలిశాడు. మరుసటి ఏడాది వచ్చిన హార్టన్ ఏనుగు కథని ఒక జపాను స్నేహితుడికి అంకితమిచ్చాడు. ఎంత చిన్న ప్రాణమైనా ప్రాణమే అని చెప్పే కథ. పెద్దవాళ్లు కూడా వెనక్కి రాగలరు. ఆ తల్లి కొడుక్కి ఇంకా తొమ్మిదేళ్లే.

ఇంకో పుస్తకం సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా తల్లులకి చెప్పాలి. 1938లో జర్మనీలో యూలియస్ స్ట్రైకర్ పిల్లల కోసం విషపు పుట్టగొడుగు పేరుతో ఒక బొమ్మల పుస్తకం వేశాడు. మొదటి కథలో తల్లీ కొడుకూ అడవిలో పుట్టగొడుగులు ఏరుతుంటారు. ఏది తినొచ్చో ఏది తినకూడదో తల్లి ఓపిగ్గా చెబుతుంది. ఎంత చక్కటి దృశ్యం! ఆ తర్వాత మనుషుల్లోనూ ఇలాంటి విషపు జాతి ఉందని, యూదుల పేరు చెబుతుంది. బ్రిటన్ పోస్టరు బిడ్డ నోట్లో మాట పెడితే, ఇది తల్లి నోట్లో విషం పెట్టింది. ఎందుకంటే ఆ గొంతు మీద బిడ్డకున్నంత నమ్మకం ఇంకెవరి మీదా ఉండదని వాళ్లకి తెలుసు. స్ట్రైకర్ సేనల్ని నడిపినవాడు కాదు. రాతలతో, బొమ్మలతో జనాన్ని ఉసిగొల్పినందుకే నూరెంబర్గ్‌లో నేరం రుజువై, 1946 అక్టోబరులో ఉరికంబం ఎక్కాడు.

మరి ఫోను లాగేసుకుందామా, టీవీ తీసేద్దామా? ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో యుద్ధం రోజుల్లో వార్తలు కట్టెయ్యడమే మంచిదని నా మాట. ఒకే పేలుడుని టీవీ వందసార్లు చూపిస్తుంది. అది ఒకసారే జరిగిందని మనకి తెలుసు, చిన్నపిల్లకి తెలియదు. వందసార్లు జరిగిందనుకుంటుంది. అంతకన్నా పెద్దపిల్లల విషయంలో మూసేస్తే లాభం లేదు. వాళ్లు సెల్లార్లో చూస్తారు, ట్యూషన్లో చూస్తారు. వాళ్లతో కలిసి చూడటమే దారి, అది కూడా నెమ్మదిగా.

ఇందులో పిల్లలు మనకన్నా ముందుంటారని ధైర్యం చెప్పగలను. ఆ మే నెలలోనే వీడియో గేముల్లోని దృశ్యాలు అసలు యుద్ధమంటూ తిరిగాయి, అవి నిజం కావని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పాల్సి వచ్చింది. మా పక్కింటి తాతగారు అలాంటిదొకటి చూపించి గర్వపడుతుంటే, తొమ్మిదో తరగతి మనవడు మెల్లగా, "తాతయ్యా, ఇది గేము. ఇక్కడ పొగ చూడు, ప్రతిసారీ ఒకేలా లేస్తోంది" అన్నాడు. ఆ పెద్దాయన చిన్నబుచ్చుకోకుండా "ఏదీ, మళ్లీ చూపించు" అని కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటతో మనవడికి ఆయన నేర్పింది చాలా ఉంది.

దానర్థం అన్నీ అబద్ధాలేనని నేర్పమని కాదు. నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఆ మాటే. 1917లో జర్మన్లు తమ సైనికుల శవాలనే కరిగించి కొవ్వు తీస్తున్నారని లండన్ పత్రికలు రాశాయి. అది నిజం కాదని 1925లో బ్రిటిష్ పార్లమెంటులోనే ఒప్పుకున్నారు. జనం మోసపోయామని మనసులో పెట్టుకున్నారు. తర్వాత నాజీల ఘోరాల గురించి నిజమైన కబుర్లు రావడం మొదలైనప్పుడు, ఇవీ అలాంటివేనని చాలామంది నమ్మలేదు. ఆ నమ్మకపోవడానికి ఎంత మూల్యమో మనకి తెలుసు. పిల్లవాడికి అనుమానంతో పాటు నమ్మకం కూడా కావాలి. మన సైనికులు నిజంగా ఉన్నారు, నిజంగా చలిలో నిలబడ్డారు. పశ్చిమ గోదావరిలో మాధవరం వెళ్లి చూస్తే, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ బిడ్డల్ని సైన్యానికి పంపుతున్న ఊరు కనిపిస్తుంది. దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊరి తల్లులకి పోస్టర్లు నేర్పేదేమీ లేదు.

పాత పోస్టరు ఒకటి ముందు పెట్టుకుని పిల్లలతో కూర్చుంటే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. ఇది తప్పు, అది మోసం అని నేను చెప్పినప్పుడల్లా పిల్లలు తల ఊపి నోట్సు రాసుకున్నారు, అంతే. ఒక ఏడాది ఏమీ చెప్పకుండా, ఆ తండ్రి పోస్టరు చూపించి, ఈ బొమ్మలో ఎవరు లేరు అని అడిగాను. చాలాసేపు తరగతి అంతా నిశ్శబ్దం. చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది, మామూలుగా నోరు విప్పని పిల్ల. "వాళ్ల అమ్మ లేదు సార్" అంది. అన్నేళ్లు ఆ బొమ్మ చూపించిన నాకు ఆ సంగతి తట్టలేదు. అమ్మ ఉంటే ఏమనేది అని అడిగాను. తరగతంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టింది. నాన్నని వదిలెయ్యి, అలిసిపోయాడు అనేది. వద్దు వెళ్లకు అనేది. వెళ్లిరా, జాగ్రత్త అనేది. నలభైమంది, నలభై అమ్మలు. ఇప్పుడు రీల్ చూసినా, ఫార్వర్డ్ చూసినా మీ పిల్లల్ని ఇదే అడగండి. ఇందులో ఎవరు లేరు?

భయపడే పిల్లలకి 'ఏమీ లేదులే, పడుకో' అనకండి. మనం గుసగుసలాడుకోవడం వాళ్లు విన్నారు, ఏదో ఉందని వాళ్లకి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అప్పటికి మా అమ్మకి ఆరేళ్లు, వాళ్లది విశాఖే. ఊరు ఖాళీ అవుతుంటే తాతయ్య ఎడ్లబండి కట్టాడు. మా అమ్మకి ముసలితనంలో కూడా బాంబు గుర్తులేదు. రాత్రంతా తన వీపు మీదున్న తాతయ్య చెయ్యి గుర్తుంది, ఆయనన్న మాట గుర్తుంది: "మనం పెద్దమ్మ వాళ్ల ఊరికి పోతున్నాం. తెల్లారేసరికి చేరతాం. నేను మేలుకునే ఉంటాను." మూడూ నిజాలే. ఆరేళ్ల పిల్లకి సరిపడేంత చిన్న నిజాలు.

ఆ తల్లితో చివరికి నేను చెప్పింది ఒకటే. ఈ రాత్రికి వాణ్ని ఎందుకన్నావు అని అడగకు. లైటు తీసేసి పక్కన పడుకో. అడిగేదేదో వాడే అడుగుతాడు.

మర్నాడు ఫోన్ చేసింది. చాలాసేపు ఇద్దరూ ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నారట. వాడు నిద్రపోయాడేమో అనుకుంటుండగా అడిగాడట, "అమ్మా, బాబాయి ఫోన్ ఎందుకు ఎత్తట్లేదు?"

ఆమె మరిది సైన్యంలో ఉన్నాడు. మూడు రోజులుగా ఫోను కలవడంలేదు. పిల్లవాడికి తెలియకూడదని పెద్దవాళ్లు వంటింట్లో మాట్లాడుకున్నారు. నాయనమ్మ పూజగదిలో ఏడవడం వాడు చూశాడు. అందరూ దేశం గురించి అరుస్తున్న ఆ ఇంట్లో, వాడి ప్రశ్న అదొక్కటే. ఆమె నిజమే చెప్పింది. డ్యూటీలో ఉన్నప్పుడు ఫోను వాడనివ్వరు, మాకూ దిగులుగానే ఉంది, కలిసినప్పుడు ముందు నీకే ఇస్తాం అని. మే 10 సాయంత్రం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు బాబాయి మాట్లాడాడు. వాడు యుద్ధం గురించి ఏమీ అడగలేదట. "అన్నం తిన్నావా బాబాయ్" అన్నాడట.

స్నేహితుడి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. తల్లీ కొడుకూ పై ఫ్లాట్‌కి వెళ్లారు. ఆ ఇంటావిడ కూర్చోబెట్టి షర్బత్ ఇచ్చింది, బాగానే మాట్లాడింది. పిల్లవాడు మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. వీడు తలుపు బయట నిలబడి సారీ చెప్పాడు. లోపల్నుంచి జవాబు లేదు. "ఇప్పుడేం చెయ్యమంటారు మాస్టారూ" అని ఆమె అడిగితే, రేపు మళ్లీ వెళ్లమన్నాను. వెళ్లారు. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు సాయంత్రం ఆ పిల్లవాడి చెల్లెలు బ్యాట్ పట్టుకుని సెల్లార్లోకి దిగింది. అన్నయ్య ఇమ్మన్నాడని చెప్పి ఇచ్చి, ఆడటం చూస్తూ మెట్ల మీద కూర్చుంది. వాడు మాత్రం ఇంకా దిగలేదు.